ఇంకాస్త వెనక్కి

ఆదివారం పొద్దున్నే ఫ్లాస్కులో టీ పోసుకుని వదినా మరిదీ చెరువుకి వెళ్ళడం, ఒడ్డున నిలబడి ఫోనుతో ఓ ఫొటో తీసుకుని ఇంటికి రావడం ఏడాదిగా అలవాటైపోయింది. ఆ ఊళ్ళో నీళ్ళలో పోయినవాళ్ళు కంటికి కనిపించరు, ఫొటోలో పడతారు. అదేం వింత కాదు. కొందరు నెల్లాళ్ళు పడతారు, కొందరు పదేళ్ళు. అన్న మాత్రం పోయిన రోజు ఎలా ఉన్నాడో అలాగే, రెండు చేతులతో చేపని ముందుకి చాచి పట్టుకుని నీళ్ళ మీద నిలబడి ఉంటాడు. కాకపోతే వారానికో అంగ చొప్పున వెనక్కి వెళ్ళిపోతున్నాడు. ఈమధ్య ఆవగింజంత అయిపోయాడు.

"ఇలా లాభం లేదోయ్ మరిదీ, కెమెరా కొనాల్సిందే" అంది వదిన. "ఎందుకు వదినా, ఫోనుంది కదా" అన్నాడతను కంగారుగా.

భయం ఊరికే కాదు. వదిన ఇరవై ఏళ్ళుగా నూలు మిల్లులో పనిచేస్తోంది. ఆ మోతలో గొంతు చించుకున్నా వినపడదు. అక్కడి ఆడవాళ్ళు పెదాలు కదిపితే చాలు, హాలుకి ఆ చివరనున్న వాళ్ళు కబుర్లన్నీ అందుకుంటారు. అన్న మొహం దగ్గరగా కనబడిందంటే మరిది కొంప మునిగినట్టే.

కెమెరాల కొట్టతను చెప్పుల సైజు అడిగినంత మామూలుగా అడిగాడు, "చేపల షికారుకా, నీళ్ళలో ఉన్నవాళ్ళ కోసమా?"

"మా ఆయన కోసం. యాభై అంగలు దాటిపోయాడు. ఫోన్లో సరిగ్గా పడట్లేదు."

"ఫోనుకి అతి తెలివమ్మా. ఫొటో శుభ్రం చేస్తున్నాననుకుని మనుషుల్ని మరకల్లా తుడిచేస్తుంది." తక్కువ ధరలో రెండున్నాయని బల్ల మీద పెట్టాడు. "ఈ పసుపుది నీళ్ళలో పడినా చావదు. చేపలు పట్టేవాళ్ళు, కొండలెక్కేవాళ్ళు దీన్నే పట్టుకెళ్తారు. జూమ్ మాత్రం పేరుకే. ఈ నల్లది ఒకరు వాడిందే, అందుకే చవక. జూమ్ ముప్ఫై రెట్లు. మామూలు పెన్సిల్ సెల్లులు సరిపోతాయి. తడి మాత్రం తగలనివ్వకూడదు."

మరిది గబుక్కున పసుపుదాన్ని అందుకున్నాడు. "వెళ్ళేది చెరువుకి కదా వదినా. ఒక్క చుక్క పడితే ఆ నల్లదాని పని అంతే సంగతులు."

"మొహం కనిపించేది ఏదండీ?" అని వదిన కొట్టతన్ని అడిగింది.

"నల్లదేనమ్మా."

"అదే ఇవ్వండి."

"తొందరపడకు వదినా..."

"కొనేదాన్ని నేను, మోసేదాన్ని నేను. మధ్యలో నీకెందుకోయ్ చెమటలు?" అంది. కొట్టతను నవ్వాడు. మరిదికీ నవ్వక తప్పలేదు.

అసలు సంగతి ఇది. చేపలు పట్టేవాళ్ళందరికీ ఓ జబ్బుంది. పట్టిన చేపని చేతులు చాచి కెమెరా ముఖాన పెడతారు, జానెడుది మూరెడు కనిపించాలని. ఆ రోజు అన్నకి పడింది నిజంగానే పెద్ద చేప. తోక ఫొటోలో పట్టలేదు. "వెనక్కి జరుగన్నా. ఇంకాస్త. ఇంకాస్త" అన్నాడు మరిది, చూపు ఫోన్లోంచి ఎత్తకుండా. అన్న నవ్వుతూ జరిగాడు. కాళ్ళ కింద రాతిమెట్టు అయిపోయింది, నీళ్ళలో పడ్డాడు. తొడల దాకా ఉన్న రబ్బరు బూట్లలోకి నీళ్ళు చేరితే మనిషి ఇంక రాయే. ఇంట్లో మాత్రం అన్న కాలు జారిందని మరిది చెప్పాడు. వదిన నమ్మింది. అతనికి జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చుంది కూడా, పిచ్చి తల్లి.

ఆదివారం వదిన అదే రాతిమెట్టు మీద నిలబడి వరసగా పది ఫొటోలు తీసింది. ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక్కొక్కటీ చూసింది. చూస్తూంటే ఆమె పెదాలు కూడా కదిలాయి.

"'చాలా? ఇంకా జరగనా?' అంటున్నాడు" అంది. తలెత్తి, "ఎవర్నోయ్ అడుగుతున్నాడు?"

"నన్నే వదినా" అని మరిది మొత్తం కక్కేశాడు.

ఆమె తిట్టలేదు, కొట్టలేదు. "ఏడాది నుంచీ అడుగుతూనే ఉన్నాడన్నమాట. జవాబు చెప్పు మరి."

"చాలన్నా! ఇంక జరగకు! చాలు!" అని అతను నీళ్ళకేసి అరిచాడు.

వదిన ఇంకో ఫొటో తీసింది. "చేప దించేశాడు" అంది. మరొకటి తీసింది. అందులో ఉత్త నీళ్ళే ఉన్నాయి. అప్పుడు కూలబడి ఏడ్చింది, మొగుడు పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

ఏడుపయ్యాక లేచి, "ఇక్కడే ఉండు" అని చెప్పి గట్టెక్కింది. చాలా దూరం వెళ్ళి కెమెరా కంటికి పెట్టుకుంది.

"వెనక్కి జరుగు!" అని అరిచింది.

అతనికి అర్థమైంది. కాదనే మొహం తనకెక్కడిది? మెట్టు పక్కనున్న రేవులోకి వెనక్కి అడుగేశాడు.

"ఇంకాస్త!"

మోకాళ్ళు మునిగాయి.

"ఇంకాస్త!"

నడుం దాకా వచ్చింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి, కాళ్ళ కింద బురద జారుతోంది. చచ్చేంత భయమేసింది. "చాలా వదినా?" అనబోతే గొంతు పెగల్లేదు, పెదాలే కదిలాయి. ముప్ఫై రెట్ల జూమ్‌లో ఆమెకి అది కనిపించే ఉంటుంది. కెమెరా దించింది. మిల్లులో అలవాటైనట్టే గొంతెత్తకుండా పెదాలు కదిపి ఏదో జవాబు చెప్పింది. చెప్పి, ఇంటిదారి పట్టింది.

చాలు అందో, ఇంకాస్త అందో. మిల్లువాళ్ళ మాట అతనికి రాదు. ముందుకి రావాలో వెనక్కి జరగాలో తెలియక అలాగే నీళ్ళలో నిలబడ్డాడు.