సాబ్ రోజూ గట్లనే నడుపుతడు

మదన్‌మోహన్ స్కూటర్ చెరకు బండిని వెనక నుంచి గుద్దింది పట్టపగలు మూడింటికి, బస్టాండు ముందర, జహీరాబాద్‌లో సగం మంది చూస్తుండగా. మిగతా సగం మందికి నాలుగింటికల్లా తెలిసిపోయింది. బండికి ఏమీ కాలేదు. ఎద్దులు వెనక్కి తిరిగైనా చూడలేదు. మదన్‌మోహన్‌కు అన్నిటికన్నా అదే ఎక్కువ నొప్పి కలిగించింది.

అతను తాలూకా ఆఫీసులో సీనియర్ గుమాస్తా. ఆ రోజు చిరాగ్‌పల్లిలో ఒక పట్టాదారు తోటలో దావత్ తిని వస్తున్నాడు. దావత్‌లో రెండు లొట్ల కల్లు తాగాడు. కల్లును అతను ఎన్నడూ తాగుడు కింద లెక్కవేయలేదు. అది ఆరోగ్యం కింద వస్తుంది.

కానిస్టేబుల్ నర్సింలు మాత్రం దాన్ని తాగుడు కిందే లెక్కవేసి అతన్ని దవాఖానకు పట్టుకుపోయాడు. అది ఎనభైమూడో సంవత్సరం. ఊదే యంత్రాలు జహీరాబాద్ దాకా రాలేదు కాబట్టి డాక్టరు ముక్కే యంత్రం. డాక్టరు వాసన చూసి, నేల మీది శాబాదు బండల మధ్య గీత మీద నడిపించి, కాగితం రాశాడు: నోట పులుపు వాసన, కళ్లు ఎరుపు, నడక వంకర, కలెక్టరు తనకు బాగా తెలుసని నాలుగుసార్లు చెప్పాడు.

తాగి బండి నడిపితే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మదన్‌మోహన్ భయం వాటి గురించి కాదు. హెడ్ గుమాస్తా రామ్‌కిషన్ మార్చిలో రిటైరవుతున్నాడు. పదకొండేళ్లుగా ఆ కుర్చీ పక్కనుంచి పోయినప్పుడల్లా మదన్‌మోహన్ దాని చేతిని ఒకసారి తడిమి పోతున్నాడు. శిక్ష పడితే కుర్చీ మాణిక్‌కు పోతుంది. మాణిక్‌ది పక్క బల్ల.

"జర ఫికర్ చెయ్యకున్రి సాబ్," అన్నాడు వకీలు రేవణసిద్ధప్ప. "తాగలేదని మనం అననే అనం. డాక్టరు నాలుగు ముక్కలు రాసిండు గదా? నాలుగూ మీకు రోజూ ఉండేటియేనని సాక్షులతోని చెప్పిస్తం. కేసు ఖతం."

మదన్‌మోహన్‌కు ఈ ఉపాయం నచ్చింది. ఇంటికి పోయి హాయిగా నిద్రపోయాడు కూడా.

కోర్టులో మొదటి సాక్షి ఖాదర్, స్కూటర్ మెకానిక్.

"ఆ దినం ఈయన బండి ఎట్ల నడిపిండు?" అడిగాడు రేవణసిద్ధప్ప.

"రోజూ గట్లనే నడుపుతడు హుజూర్. పోయిన నెల మా దుకాణం బోర్డును గుద్దిండు. అంతకు ముందు సర్కారు బడి గోడ. ఆ గోడ ఏడికీ పోలే హుజూర్, ఆడనే నిలబడి ఉండె."

"అప్పుడు తాగి ఉండెనా?"

"తౌబా! పొద్దుగాల ఆరు గంటలకు, పాలకు పోతుండె."

కోర్టు నవ్వింది. మదన్‌మోహన్ నవ్వలేదు. ఆఫీసులో స్కూటర్ కొన్న ప్రతివాడికీ నడపడం నేర్పింది అతనే.

రెండో సాక్షిగా మాణిక్ ఉత్సాహంగా బోనెక్కాడు.

"రెండింటి సంది నాలుగింటి దాక ఫైలు మీద తల పెట్టి పంటడు సార్. లేస్తె కండ్లు ఎర్రగనే ఉంటయి. ఫైలు నంబరు చెంప మీద అచ్చు పడ్తది. మేము గా నంబరు చూసే ఫైలు దేవులాడుకుంటం."

"కలెక్టరు తనకు ఎరుకేనని అంటడా?"

"ఛాయ్ తెచ్చేటోనికి గూడ చెప్తడు. రైల్వే గేటు పడితె కలెక్టరు జీపు ఓసారి ఈయన పక్కన ఆగింది సార్. గంతే దోస్తీ."

మూడో సాక్షి భార్య అనంతమ్మ. పట్టుచీర కట్టుకొని వచ్చింది. పెళ్లయి ఇరవై రెండేళ్లలో మొగుడి సంగతి చెప్పమని ఆమెను ఎవరూ అడగలేదు. ఇప్పుడు కోర్టే అడుగుతోంది.

"నోట్ల పులుపు వాసన ఎందుకొస్తదమ్మా?"

"జొన్నంబలి సార్. మూడొద్దులు పులిస్తెగాని ఈయన నోట్ల పెట్టడు. నేనైతె పక్క గదిల పంట."

"నడక?"

"సాపుగ నడుస్తె నేనెన్నడు చూడలే. చెప్పులు అరుగుతయని అంచుల మీద నడుస్తడు. నెలకోసారి కుడిది ఎడమకాలుకు ఏసుకుంటడు, రెండూ సమానంగ అరగాలెనని."

"ఇగ ఊకోవే!" అని అరిచాడు మదన్‌మోహన్.

"ఇంట్ల గూడ గిట్లనే ఒర్రుతడు సార్. గిది గూడ రాసుకోన్రి."

మేజిస్ట్రేటు నిజంగానే రాసుకున్నాడు. మదన్‌మోహన్ ఆ కలం వైపే చూశాడు. ఇరవయ్యేళ్లుగా గుమాస్తా అతను. రాసింది ఎక్కడికి పోతుందో అతనికి చెప్పనక్కర్లేదు. తీర్పు నకలు ఆఫీసులో దాఖలు చేయాలి. పగటి నిద్రతో సహా అంతా తహసీల్దారు చదువుతాడు. తాగుబోతైనా ఒకనాటికి హెడ్ గుమాస్తా కావచ్చు. చెంప మీద ఫైలు నంబరున్నవాడు కాలేడు.

"హుజూర్!" అని చేతులు జోడించాడు. "నేను తాగిన. రెండు లొట్లు తాగిన. గందుకే గుద్దిన. తాగకుంటె నేను మస్తు నడుపుత. గీళ్లు చెప్పిందంత అబద్ధం!"

రేవణసిద్ధప్ప తల పట్టుకున్నాడు. మేజిస్ట్రేటు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"గొప్పలు చెప్పుకోవడం ముద్దాయికి అలవాటని సాక్ష్యం ఉంది. రెండు లొట్లు తాగాననడం కూడా కలెక్టరు తెలుసనడం లాంటిదే. నేరం రుజువు కాలేదు. కేసు కొట్టేస్తున్నాను."

కోర్టు మెట్ల మీద రేవణసిద్ధప్ప మదన్‌మోహన్ చెయ్యి పట్టి ఊపుతూ ముబారక్ చెప్పాడు. అతను వకీలు చేతిని వదలలేదు.

"వకీల్ సాబ్, దీని మీద అప్పీలు చెయ్యొచ్చునా?"

"విడుదలైనంక అప్పీలేంది సాబ్?"

"జర చిన్న శిక్ష ఏదన్న పడేటట్టు."

"సర్కారు చేసుకోవచ్చు గని, ముద్దాయి చేసెటందుకు కానూన్ల లేదు."

మదన్‌మోహన్ అప్పుడు ఆ చెయ్యి వదిలాడు.

"సర్కారు వకీలు ఇల్లు ఏడ సాబ్?"