గాలమ్మ వీపు మీద

నేను ఒక గాలి పంపును. మూరెడు పొడుగు ఇనప గొట్టం, దానికో కర్ర పిడి, తోకలా వేలాడే రబ్బరు ట్యూబు, లోపల కొబ్బరినూనె తాగి మెత్తబడిన తోలు వాషరు. నా ఆస్తి అంతా ఇంతే. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముందని మీరు అడగొచ్చు. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను.

ఎక్కడో ఉత్తరాదిన ఒక చిన్న కార్ఖానాలో నన్ను చేసి, ఎర్ర రంగు పూసి, గడ్డిలో చుట్టి లారీ ఎక్కించారు. దిగింది మదనపల్లె బస్టాండు పక్కన ఒక సైకిల్ షాపులో. పాలవాళ్ళు, పోస్టుమాన్లు, చొక్కా నలగకుండా నాతో కుస్తీ పట్టిన కొత్త పెళ్ళికొడుకులు, అందరూ నా దగ్గరికి వచ్చినవాళ్ళే. గాలికి కూడా డబ్బులా అని సణుగుతూ, చెమటలు కక్కుతూ కొట్టుకునేవాళ్ళు. పని కాగానే నన్ను గోడకు జారవేసి పోయేవాళ్ళు. వెనక్కి తిరిగి చూసిన పాపాన ఒక్కరూ పోలేదు. మనుషుల సంగతి నాకు అక్కడే అర్థమైంది గనుక పెద్దగా బాధపడలేదు.

తర్వాత ఊరంతా మోటారు బళ్ళెక్కింది. షాపు మూతపడింది. యజమాని కొడుకు సహదేవ సార్ హైస్కూల్లో ఆటల మాస్టారు. సామానంతా అమ్మేసి నన్నొక్కదాన్నే ఉంచుకున్నారు. నా మీద ప్రేమ కాబోలని మురిసిపోయాను. ఆయన పిల్లలతో సైకిల్ జట్టు పెట్టబోతున్నారనీ, కొత్త పంపు కొనే స్తోమత లేదనీ తర్వాత తెలిసింది.

జట్టు పేరు కొండగాలి. పదీ పన్నెండు మంది ఆడపిల్లలు, మగపిల్లలు. ఎవరో వాడి వదిలేసిన గేర్ల సైకిళ్ళు. ఆదివారం తెల్లవారగానే బయల్దేరేవాళ్ళు. ఒక వారం టమోటా లారీల మధ్య తారురోడ్డు మీద దూరప్రయాణం, ఒక వారం గుట్టల్లో మేకలు నడిచే బాటల మీద ఎగుళ్ళూ దిగుళ్ళూ. ఆ బాటల్లో తుమ్మముళ్ళు నా చుట్టాలు. వాటి దయవల్లే నాకు పని దొరికేది. ప్యాచ్‌లు, గమ్ము ఎవరివి వాళ్ళ జేబులో ఉండేవి. పంపు మాత్రం జట్టంతటికీ నేనొక్కదాన్నే.

నన్ను ఎవరు మోయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు సార్ ఒక పద్ధతి పెట్టారు. ఆదివారం సవారీలో అందరికంటే కడాన వచ్చినవాళ్ళు నన్ను ఇంటికి తీసుకుపోవాలి, మళ్ళీ వారం బెల్టు కట్టి వీపున వేసుకొని తొక్కాలి. పంచరైన సైకిలు ఆగిపోతుంది, ఆగినవాళ్ళకు ఎదురయ్యేది వెనక వచ్చేవాళ్ళే. కాబట్టి పంపు వెనకే ఉండాలి. మొదటి పిల్లలకు ఈ మాట చెప్పారు. తర్వాత చేరినవాళ్ళకు చెప్పడం మరిచిపోయారు. పిల్లలు వాళ్ళ తెలివి కొద్దీ దానికి ఇంకో అర్థం చెప్పుకున్నారు. నన్ను మోసేది ఆడపిల్లయితే గాలమ్మ, మగపిల్లవాడైతే గాలప్ప. సార్ వినీ విననట్టు ఉండేవారు. ఆ పేరు తప్పించుకోవడానికి పిల్లలు ప్రాణం పెట్టి తొక్కుతున్నారు, మంచిదే కదా అనుకున్నారు. నన్ను వీపున వేసుకున్న పిల్లలు ఊళ్ళోకి వచ్చేముందు చున్నీ కప్పేవాళ్ళు, సంచిలో దూర్చేవాళ్ళు. ముట్టుకున్న ప్రతి చెయ్యీ సిగ్గుపడుతుంటే, ఆ సిగ్గు ఇనుముకైనా కొంచెం అంటుతుంది.

రెడ్డెమ్మ జట్టులో చేరాక ఆ పేరు ఇంచుమించు ఆమెకే స్థిరపడింది. పదిహేనేళ్ళ పిల్ల. ఊరు నల్లగుట్లపల్లె, కొండకు పోయే రోడ్డు పక్కనే. ఎదురుగాలికి బెదరదు, ఎండకు బెదరదు, కానీ ఎగుడు వస్తే చాలు, వెనకబడుతుంది. నన్ను మోసుకొని మొదటిసారి ఇంటికి పోయిన రోజు వాళ్ళమ్మ ఈశ్వరమ్మ టమోటా తోటలో కూలి పని ముగించుకొని అప్పుడే వచ్చింది.

"ఏం మే అది?" అంది.

"సార్ ఇచ్చినాడు మా," అంది రెడ్డెమ్మ. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

"అందురిలోకీ నీకే ఇచ్చినాడా?"

"ఊఁ," అంది. అందులోనూ అబద్ధం లేదు. ఈశ్వరమ్మ చేతులు కడుక్కొని వచ్చి, నన్ను ఒడిలో పెట్టుకొని, కొంగుతో తుడిచి, పిడి కింద గాడిలో కుంకుమ బొట్టు పెట్టింది. గోడకు మేకు కొట్టి, వాకిట్లోంచి కనపడేలా తగిలించింది. తోటలో తనతో పనిచేసే సుబ్బక్కనూ, మిగతా ఆడవాళ్ళనూ పిలిచి మరీ చూపించింది. "నా బిడ్డకొచ్చిన బహుమానం," అంది. రెడ్డెమ్మ పొయ్యి దగ్గర తల వంచుకొని కూర్చుంది. ఇప్పుడు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే వారాలు గడిచాయి. అమ్మ ముఖం చూస్తే నోరు పెగిలేది కాదు.

నా సంగతీ చెప్పాలి. పుట్టి బుద్ధెరిగాక నాకు బొట్టు పెట్టినవాళ్ళు లేరు. ఆ మేకు మీద నేను సుఖంగానే ఉన్నాను.

ఆ ఏడాది పిల్లల పందెం మదనపల్లెలో మొదలై కొండ పైన ముగుస్తుందని చెప్పారు. మొదట వచ్చిన ఆడపిల్లను రాష్ట్ర జట్టులోకి తీసుకుంటారు. మా జట్టులో ఆ ఆశ నౌషీన్ మీద ఉంది. కుట్టుమిషను షాపువాళ్ళ అమ్మాయి. ఎగుడు వస్తే మిగతావాళ్ళు రొప్పుతారు, ఈ పిల్ల మాత్రం వరసలు కలుపుకొని కబుర్లు చెబుతూ ఎక్కేస్తుంది. రెడ్డెమ్మకు బ్రేకులు సరిచేయడం నేర్పిందీ, గాలమ్మ అని ఒక్కసారి కూడా పిలవనిదీ ఈమే. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది కాబట్టి నౌషీన్‌కు ఇదే ఆఖరి అవకాశం. అంతకు ముందు ఆదివారం కడాన వచ్చింది రెడ్డెమ్మే కనుక పందెం రోజు నేను ఆమె వీపు మీదే ఉన్నాను.

పందెం దారి నల్లగుట్లపల్లె మీదుగానే పోతుంది. ఈశ్వరమ్మ ఆ రోజు కూలికి పోలేదు. తోటి ఆడవాళ్ళందరినీ వెంటేసుకొని రోడ్డు పక్కన నిలబడింది. ఆడపిల్లలను ముందు వదిలి, కాసేపాగి మగపిల్లలను వదిలారు. వాళ్ళు వెనక నుంచి దూసుకొస్తున్నారు. తనను దాటేటప్పుడు ఏమని కేక వేస్తారో రెడ్డెమ్మకు బాగా తెలుసు. పంపు కనపడితే ఆ కేక ఆగదు. అది అమ్మ ముందర, సుబ్బక్క ముందర, ఊరందరి ముందర పడుతుంది.

ఊరు ఇంకా కొంచెం దూరం ఉందనగా సైకిలు ఆపింది. బెల్టు విప్పింది. చెమట తుడుచుకునే టవలు నాకు చుట్టి, రోడ్డు కింది మోరీ గొట్టంలో దాచింది. దెబ్బ తగలకుండా మెల్లగా పెట్టింది, ఆ మాట ఒప్పుకోవాలి. "మళ్ళా వచ్చి తీసుకుంటా," అని నాతోనే అంది. ఏడుపు గొంతుతో అంది.

నేను లేకుండా ఆమె చక్రాలు తేలిగ్గా పోవడం వినపడింది. కాసేపటికి ఊరి వైపు నుంచి చప్పట్లు, వాటన్నిటి మీదుగా ఈశ్వరమ్మ గొంతు. "అదో, నా బిడ్డ!" తర్వాత కొంచెం తగ్గిన గొంతుతో, "వీపు మింద బహుమానం లేదే?"

ఆ తర్వాత జరిగింది నేను పిల్లల నోట విన్నాను. ఘాటు రోడ్డు మొదటి మలుపు దాకా నౌషీన్ అందరికంటే ముందుంది. అక్కడ పంచరైంది. ఆ పిల్ల కంగారు పడలేదు. చక్రం విప్పింది, రంధ్రం వెతికింది, ప్యాచ్ వేసింది. ఇక గాలి కొట్టడమే మిగిలింది. ఒకరి తర్వాత ఒకరు దాటిపోతుంటే, రెడ్డెమ్మ వస్తుందిలే అని రోడ్డు కిందికే చూస్తూ కూర్చుంది. రెడ్డెమ్మ వచ్చింది. నౌషీన్ లేచి చేయి చాచింది. రెడ్డెమ్మ సైకిలు దిగి చూపు తిప్పుకుంది. చివరికి, "దావలో యాడనో పడిపోయినట్టుండాది అక్కా," అంది.

వెనక వచ్చిన జీపులో మంచినీళ్ళూ, మైకూ తప్ప ఇంకేమీ లేవు.

నన్ను పట్టుకున్నది సుబ్బక్క మేకలు. మోరీ దగ్గర గడ్డి మేస్తూ టవలు లాగాయి. బొట్టు చూసి సుబ్బక్క గుర్తుపట్టి, నన్ను పరుగున ఈశ్వరమ్మకు అందించింది. ఈశ్వరమ్మ కొండ వైపు పోయే టమోటా ఆటోను ఆపి, గంపల మధ్య నన్ను ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ఆ దారంతా నాకు ఇనప గొట్టంగా పుట్టినందుకు మొదటిసారి దుఃఖం వేసింది. నోరుంటే ఆటో ఆపించి ఉండేదాన్ని.

మొదటి మలుపు దగ్గర జట్టంతా ఉంది. పందెం ముగించిన పిల్లలు దిగి వచ్చారు. సార్ వచ్చారు. నౌషీన్ జీపు ఎక్కనంది, చక్రం ఒళ్ళో పెట్టుకొని గట్టు మీదే కూర్చుంది. రెడ్డెమ్మ కొంచెం ఎడంగా నిలబడి ఉంది. ఈశ్వరమ్మ ఆటో దిగి నేరుగా సార్ దగ్గరికి పోయి, నన్ను రెండు చేతులతో పట్టుకొని చూపింది.

"సార్, నా బిడ్డకు మీరిచ్చిన బహుమానం సార్ ఇది. మోరీలో దొరికింది. ఎవురో దొంగనాయాళ్ళు టవల్లో సుట్టి దాచిపెట్టినారు, పొద్దు మునిగినాక ఎత్తకపోదామని..."

బహుమానం అన్న మాటకు ఒక కుర్రవాడు కిసుక్కుమన్నాడు. ఇంకెవరూ నవ్వలేదు. ఈశ్వరమ్మ చేతిలోని టవలు వైపు చూసింది. విప్పి చూసింది.

"ఈ టవలు మాదే," అంది.

పైనుంచి మైకులో గెలిచినవాళ్ళ పేర్లు చదువుతున్నారు. రెడ్డెమ్మ నాలుగడుగులు ముందుకు వచ్చింది.

"అది బహుమానం కాదు మా. కడాన వచ్చేవాళ్ళకి ఇచ్చేది. గాలమ్మా అంటారు నన్ను. నీ ముందర అంటారని నేనే దాచిపెట్టినా."

ఈశ్వరమ్మ కూతుర్ని తిట్టలేదు. కొట్టలేదు. సార్ వైపు తిరిగింది.

"కడాన వచ్చేవాళ్ళకి ఎందుకిస్తారు సార్ దీన్ని?"

సార్ గొంతు సవరించుకున్నారు. "పంచరైనోళ్ళు నిలబడిపోతారమ్మా. వాళ్ళకి ఎదురయ్యేది వెనకాల వచ్చేవాళ్ళే గదా. అందుకు," అన్నారు. పిల్లలు ఆయన ముఖంలోకి చూశారు. వాళ్ళలో చాలామంది ఆ మాట వినడం అదే మొదలు. సార్ వాళ్ళ చూపు తట్టుకోలేక తల దించుకున్నారు.

ఈశ్వరమ్మ నౌషీన్‌ను చూసింది. ఒళ్ళో చక్రాన్ని, గాలి లేక మెత్తగా పడున్న టైరును చూసింది.

"అయితే ఈ పాప, నా బిడ్డ వస్తాదని కాసుకోనుండిందా?"

నౌషీన్ మెల్లగా తల ఊపింది. రెడ్డెమ్మకు తల కొట్టేసినట్టయింది. తల్లి చెంప పగలగొట్టి ఉంటే ఆ పిల్ల ఎంతో తెరిపిన పడేది.

"ఎట్ల కొట్టాల దీన్ని?" అంది ఈశ్వరమ్మ. నేల మీద కూర్చుంది. రెడ్డెమ్మ నా ట్యూబు వాల్వుకు పట్టుకుంది. తల్లి కొడుతూ పోయింది. గంపలు మోసిన చేతులు, బలమైనవి. నాకు తెలిసి ఏ చక్రమూ అంత మౌనంగా గట్టిపడలేదు.

పందెం ఎప్పుడో అయిపోయింది. అయినా నౌషీన్ చక్రం బిగించుకొని సైకిలెక్కింది.

"నేనూ వస్తా అక్కా," అంది రెడ్డెమ్మ.

"రా. దాన్ని తీసుకోని రా," అంది నౌషీన్, ముఖం తిప్పకుండానే.

ఘాటు పొడుగునా నౌషీన్ ముందు, రెడ్డెమ్మ వెనక, ఆమె వీపు మీద నేను. ఆ రోజు నౌషీన్ వరసలు కలపలేదు. పైకి చేరేసరికి జెండాలు, తాళ్ళు చుట్టేస్తున్నారు. రాష్ట్ర జట్టుకు ఇంకో ఊరి అమ్మాయిని తీసుకున్నారు. బాగానే తొక్కే పిల్ల, ఆమె తప్పేమీ లేదు.

ఆ సాయంత్రం ఈశ్వరమ్మ నన్ను మేకుకు తగిలించలేదు. తలుపు మూల నిలబెట్టింది. బొట్టు తుడవబోయింది గానీ గాడిలోది రాలేదు. మర్నాడు తోటకు పిలవడానికి వచ్చిన ఆడవాళ్ళు, ఖాళీ మేకు చూసి, బహుమానం యాడికి పోయిందని అడిగారు. రెడ్డెమ్మ పొయ్యి దగ్గరే ఉంది. కడాన వచ్చినాది అంటుందేమో అని పిల్ల ఊపిరి బిగపట్టింది. ఈశ్వరమ్మ ఆ మాటే ఎత్తలేదు.

"అది బహుమానం కాదు సుబ్బక్కా. వెనకాల వచ్చేవాళ్ళు మోసేది. ఒక పాప దానికోసరం కాసుకోనుంటే, నా బిడ్డ మోరీలో పెట్టేసి పోయినాది," అని, సద్దిమూట చంకన పెట్టుకొని పనికి పోయింది.

ఆ తర్వాత గాలమ్మ అని ఎవరూ పిలవలేదు. పిలవడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. నౌషీన్ చదువుకోవడానికి అనంతపురం పోయింది. పోయేముందు రెడ్డెమ్మతో మాట్లాడింది, నవ్వింది కూడా. అయితే సైకిలు సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఇప్పుడు పిల్లల సైకిళ్ళకు అరచేతిలో పట్టే చిన్న పంపులు వచ్చాయి. నాతో నిజానికి పని లేదు. రెడ్డెమ్మకూ కాళ్ళలో బలం వచ్చింది. కావాలంటే ఇప్పుడు ఎగుట్లో ముందు పోగలదు. అయినా ఆదివారం వస్తే, ఇప్పుడు నేనుండే సార్ ఇంటికి వచ్చి, నా వాషరుకు కొబ్బరినూనె పట్టించి, వీపున వేసుకొని, అందరినీ ముందుకు పోనిచ్చి కడాన బయల్దేరుతుంది.

కొండ వైపు పోయేటప్పుడు నల్లగుట్లపల్లె దగ్గర ఈశ్వరమ్మ టమోటా సాళ్ళ మధ్య నడుము ఎత్తి నిలబడుతుంది. ఎండకు చేయి అడ్డం పెట్టుకొని చూస్తుంది. ముందు చూసేది కూతురి వీపు. నేను ఉన్నానని చూసుకున్నాకే ముఖం చూస్తుంది. అప్పటికి రెడ్డెమ్మ తల వంచేసి ఉంటుంది.