మా గోడకు కొలతలు

మా అమ్మాయి ఆసుపత్రిలో ఉండగా మునిసిపాలిటీ వాళ్లు ఇద్దరు టేపు పట్టుకుని మా ఇంటి గోడ కొలవడానికి వచ్చారు. మా అమ్మాయిలాంటి పేరున్న గాయకుల ఇళ్లకు ఫలకాలు పెడతారని నాకు తెలుసు. పోయినవాళ్లకే పెడతారని కూడా తెలుసు.

"బతికున్న పిల్లకి ఇదేం పని నాయనా?" అన్నాను.

"ఇప్పుడే పెట్టం పెద్దమ్మా. రాయి చెక్కేసరికి నెలలు పడుతుంది. ముందే కొలుచుకోవడం మా పద్ధతి" అన్నాడు పెద్దవాడు.

"అయితే ముందు మీ ఇంటి గోడ కొలుచుకోండి, పోండి" అని చీపురు అందుకున్నాను. గేటు దాటేదాకా తిడుతూనే ఉన్నాను.

తర్వాత అమ్మాయికి ఫోన్ చేసి, ఆ సంగతి ఎత్తకుండా, అన్నం తిన్నావా అని అడిగాను.

"గోడ కొలిచేవాళ్లు వచ్చారా అమ్మా?" అంది.

"నీకెవరు చెప్పారే?"

"వాళ్లకు కబురు పెట్టింది నేనే. కాస్త ఎత్తులో పెట్టమను, లేకపోతే దాని మీద సినిమా పోస్టర్లు అంటిస్తారు" అని నవ్వబోయి దగ్గింది.

ఇన్నాళ్లూ నేనెప్పుడు అడిగినా తగ్గిపోతుందనే అంది. డాక్టరు చెప్పిన అసలు మాట కన్నతల్లి దగ్గర దాచి, మునిసిపాలిటీకి చెప్పుకుంది నా కూతురు.