ఊపిరి తీసుకునే చోటు

ముక్కు బిగించి, నోటితో గాలి పీలుస్తూ మార్తమ్మ ఉమ్మిగిన్నె కడిగింది. అడుగున కొత్త బూడిద పోసి మంచం కింద పెట్టింది. మంచం మీద భర్త సీమోను గోడకు దిండు ఆనించుకుని కూర్చున్నాడు. సత్తువ ఉన్నన్నాళ్లూ గుడివాడ రైసుమిల్లులో తవుడు దుమ్ము పీల్చిన ఛాతీ అది. పైకి లేచేటప్పుడు ఒక చప్పుడు, దిగేటప్పుడు మరో చప్పుడు చేస్తోంది. తడి చప్పుడు.

ఆ చప్పుడంటే ఆమెకు రోత. ఎవరికీ చెప్పలేదు, ప్రార్థనలో కూడా చెప్పలేదు. ఫోనులో సుధాకర్ గారి వేణువు పెట్టుకుంటేనే ఆ మంచం పక్కన కూర్చోగలదు. వేణువు నడిచినంతసేపూ ఆ చప్పుడు దాని కింద మునిగిపోతుంది. అప్పుడు అన్నం ముద్దలు పెట్టగలదు, వీపు తుడవగలదు. అదే లేకపోతే తనేమైపోతుందో తలుచుకోవడానికే ఆమెకు భయం.

ఆమె ఊడ్చే బందరు హాల్లో ఆ పొద్దున సుధాకర్ గారి కచేరీ.

“ఏమే, దగ్గర్నుంచి చూస్తావుగా,” అన్నాడు సీమోను, మాట మాటకీ ఆగుతూ. “ఆయన ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో చూసిరా. ఎంత విన్నా నాకు దొరకట్లా.”

“దొరికితే ఏంచేస్తావ్, నువ్వూ ఊదుతావా?”

“ఊదితే మన చర్చిలో పెళ్లిళ్లన్నీ నావే.”

నవ్వబోయి దగ్గాడు. ఆమె గబగబా చెప్పులేసుకుంది.

హాలు కార్యదర్శి నాగభూషణరావు వేడినీళ్ల ఫ్లాస్కు ఇచ్చి ఆమెను వేదిక మీదే, తెర చాటున కూర్చోబెట్టాడు. చెయ్యి చాపితే సుధాకర్ గారి పట్టుపంచె అంచు అందేంత దగ్గర. మొదటి స్వరానికి ఆమె కళ్లు మూసుకుంది. ఫోనులో విన్నదే. కానీ దాని పక్కనుంచి ఇంకేదో వస్తోంది. కళ్లు తెరిచింది.

ఆయన కింది పెదవి వేణువుకు జలగలా అంటుకుని ఉంది. రాగం మలుపు తిరిగే ముందు నోటి మూల తెరుచుకుని, జుర్రుమంటూ గాలి లాక్కుంటోంది. ఆ గాలిలో తడి గరగర. మెడ నరాలు ఉబ్బుతున్నాయి, గడ్డం కింది చర్మం వణుకుతోంది. కీర్తన ముగియగానే ఆయన వేణువును విదిలించాడు. ఉమ్మి తీగలా సాగి ఆమె మణికట్టు మీద పడింది. చప్పట్లు మోగాయి.

విరామంలో, ఆయన పెదవులూ వేణువూ తుడుచుకున్న గుడ్డ ఆమె చేతికొచ్చింది.

“జాగ్రత్తగా ఉతుకు మార్తమ్మా,” అన్నాడు నాగభూషణరావు. “మహానుభావుడి నోటి తడి. ఎంతమందికి దొరుకుద్ది చెప్పు?”

“పోనీ మీరు ఉతుకుతారేంటండీ, పుణ్యమొచ్చుద్ది?”

ఆయన నవ్వేసి వెళ్లిపోయాడు. కుళాయి కింద గుడ్డ జారిపోతోంది. సబ్బు వేసినా వేళ్ల మధ్య జిగురు వదల్లేదనిపించింది. ఆ వాసన ఆమెకు తెలుసు. పొద్దున కడిగిన గిన్నెదీ అదే వాసన. ఇన్నాళ్లూ ఒకరి రోతను దాచుకోవడానికి మరొకరి రోతను చెవిలో పెట్టుకుందన్నమాట. తన నోట్లో ఊరిన నీళ్లు మింగడానికి కూడా మనసొప్పలేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, దారిలో కొన్న బత్తాయి వలిచి ఒక తొన సీమోను చేతిలో పెట్టింది.

“చూశావా? ఎక్కడ?”

చెప్పకూడదనుకుంది. చెప్తే ఆ వేణువు అతనికీ పోతుంది. అయినా నోరాగలేదు.

“అంతటా. నీలాగే రొప్పుతాడు మావా. అదే గరగర. ఉమ్మితో సహా.”

అతని మొహం ముడుచుకుపోతుందనుకుంది. కానీ కళ్లు వెలిగాయి.

“నిజంగా? నాలాగేనా? పెట్టు, పెట్టవే.”

పెట్టింది. సీమోను తొన చప్పరిస్తూ తల వంచి విన్నాడు. “అదిగో,” అన్నాడు. కాసేపటికి, “అదిగో, మళ్లీ తీసుకున్నాడు దొంగ!”

ఆమెకూ వినిపించింది. ఇక వినకుండా ఉండటం చేతకాలేదు. స్వరానికీ స్వరానికీ మధ్య ఆ జుర్రు, దాని కిందే సీమోను ఛాతీ. రెండూ కలిసిపోయాయి. లేచి పెరట్లోకి పోయి, మణికట్టును రాతికేసి ఎర్రబడేదాకా రుద్దుకుంది. లోపలినుంచి ఇంకోసారి “అదిగో” అని వినిపించింది. తర్వాత వేణువు ఒక్కటే.

అది అయిపోయాక గానీ లోపలికి రాలేదు. గదిలో ఏ చప్పుడూ లేదు. ఆమె ఎన్నాళ్లుగానో కోరుకున్న నిశ్శబ్దం. సీమోను తల ఫోను వైపే వాలి ఉంది.

అతని కళ్లు మూసింది. దుప్పటి సర్దింది. చెయ్యి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. అతని వేళ్ల మధ్య సగం పీల్చిన బత్తాయి తొన, పంటిగాట్లతో, ఇంకా తడిగా మెరుస్తోంది.