మిగిలిన కరెంటు

తడిసిన దుప్పటిని ఒక్కరే పిండితే సగం నీళ్లు దుప్పట్లోనే ఉండిపోతాయి, మిగతా సగం మోచేతుల మీదుగా జాకెట్లోకి దిగుతాయి. రెండో కొస పట్టుకోవలసిన మనిషి ముందుగదిలో అద్దం ముందు నిలబడి ఉపన్యాసం వల్లె వేసుకుంటున్నాడు.

ఆమె భర్త విద్యుత్ కంపెనీలో పర్యావరణ విభాగానికి పెద్ద. "కరెంటు ఆదా మనింటి నుంచే మొదలవ్వాలి" అన్న రోజునే వాషింగ్ మెషిన్ ప్లగ్గు పీకి, దాని మీద గుడ్డ కప్పి, ఓ పూలకుండీ పెట్టాడు. మర్నాడు మిక్సీ అటకెక్కింది. బిల్లు సగానికి పడిపోయింది. ఆమె మాత్రం బడిలో పాఠాలు చెప్పి వచ్చి, ఉతికి, రుబ్బి, స్నానాల నీళ్లు బకెట్లతో మొక్కలకు మోసే మనిషైంది. "మా రోజుల్లో ఈ మిషన్లున్నాయా? మేం చచ్చిపోయామా?" అన్నారు అత్తగారు. చావలేదు, నిజమే. ఆవిడ వేళ్లు మాత్రం వంకర్లు పోయాయి, గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటారు. ఆ మాట ఆమె పైకి అనలేదు. అనడానికీ ఓపిక కావాలి. ఇంటికెవరొచ్చినా "మేం మెషిన్ వాడం" అంటాడు భర్త. ఆ 'మేం'లో తనెక్కడుందో ఆమెకు తెలుసు గానీ, అతనెక్కడున్నాడో ఎంత వెతికినా కనిపించలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆమె నడుముని అతను లోకానికి దానం చేస్తున్నాడు.

ఇవాళ హెడ్డాఫీసు నుంచి డైరెక్టరమ్మ వస్తోంది, వెంట కెమెరా. వాళ్లకు నచ్చితే కంపెనీ క్వార్టర్సులో ఇంటింటికీ ఇదే పద్ధతి. కంపెనీ పొగగొట్టానికి కొత్త ఫిల్టర్లు పెట్టించడం కన్నా చవక మరి. అతనికి ప్రమోషన్ కూడా. నిన్న పక్కింటి నర్సు గోడ మీంచి ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కా, మీరు బాగుందంటే అది మా మెడకి చుట్టుకుంటుంది. నైట్ డ్యూటీ చేసొచ్చి నేను బట్టలుతకలేను." ఇంట్లో మాత్రం "నువ్వేం మాట్లాడక్కర్లేదు, నవ్వుతూ నిలబడు చాలు" అని భర్త ముందే చెప్పి ఉంచాడు. కూర్చోమన్నా బాగుండేది అనుకుంది.

డైరెక్టరమ్మ ఇల్లంతా తిరిగి చూసింది, బిల్లు చూసి మెచ్చుకుంది.

"ఇబ్బందేమీ లేదు కదా?"

"లేదు మేడమ్, మాకు అలవాటైపోయింది," అన్నాడు భర్త.

కెమెరా ఆమె వైపు తిరిగింది. "మీరు చెప్పండమ్మా," అంది డైరెక్టరమ్మ. "అన్ని ఇళ్లలోనూ పెట్టొచ్చా?"

భర్త కళ్లతోనే నవ్వమన్నాడు. ఆమెకు భయం వేసింది. నిజం చెబితే ఇక ఎన్నాళ్లో ఇంట్లో మాటలుండవు, అత్తగారి సణుగుడు తప్ప. కానీ భయం కన్నా అలసటే ఎక్కువగా ఉంది.

"వద్దండీ. మెషిన్ ఆగింది గానీ పని ఆగలేదు. దాని బదులు నన్ను నడిపారు."

"తమాషాగా మాట్లాడుతుందండీ," అని భర్త గట్టిగా నవ్వాడు.

కెమెరామన్ మొహమాటపడుతూ, "మేడమ్, అదే ఇంకోసారి... కొంచెం నవ్వుతూ చెప్తారా?" అన్నాడు.

"నవ్వే ఓపిక కూడా ఆ ఆదాలోనే పోయిందండీ," అంది ఆమె. "ఒక్క వారం ఈ పనంతా ఆయన చేత చేయించండి. అప్పుడు ఆయన్ని చెప్పమనండి, నవ్వుతూ."