నీలిగడ్డికి క్రాఫు

మా నాన్న చెయ్యి వణకడం మొదలుపెట్టాక, మా కటింగ్ షాపులో అంతకంటే ఎక్కువ వణికింది కస్టమర్లు.

అంతకుముందు నాన్న కత్తెర తీస్తే చాలు, జుట్టు భయపడి దానంతటదే రాలిపోయేదని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. ముఖ్యంగా నాన్నే చెప్పుకునేవాడు. ఓ రోజు కండక్టరు మావయ్య చెవి అంచు తెగింది. ఈయన మాకు చుట్టమేం కాదు. బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు, అప్పట్నుంచి టికెట్ లేకుండా అందరి ఇళ్లలోకీ ఎక్కేస్తుంటాడు. తెగింది ఆవగింజంత. ఆయన పెట్టిన కేకకి మాత్రం ఎదురుగా ఉన్న మందుల షాపువాడు ఎవరూ అడక్కుండానే దూదీ, కట్టూ, అంబులెన్సు ఫోను నంబరూ పట్టుకొచ్చాడు.

ఆ తర్వాత నాన్నని ఎవరూ ఒక్క మాట అన్లేదు. అసలు బాధ అదే. వచ్చి నా కుర్చీ ఎదురుగా బెంచీ మీద కూర్చునేవాళ్లు. పక్కన నాన్న కుర్చీ ఖాళీగా ఉన్నా, పర్లేదులే, అమ్మాయే చేస్తుంది, మాకేం తొందరని పేపరు తీసేవాళ్లు. ఒకాయన పేపరు తలకిందులుగా పట్టుకుని గంటసేపు చదివాడు. నాన్న మాత్రం రోజూ తన కుర్చీ తుడిచి, దాని చక్రం తిప్పి, గుడ్డ దులిపి నిలబడేవాడు.

మందులు వణుకుని కాస్త తగ్గిస్తాయి గానీ తీసెయ్యలేవని డాక్టరు చెప్పాడు. చేతికి ఏదో ఒక పని పెట్టమన్నాడు. అమ్మ బఠానీలు ఒలవమంది. ఆ వారమంతా మేం ఇంట్లో నడవలేదు, బఠానీల మీద జారుతూ ప్రయాణం చేశాం.

నా దగ్గర జుట్టు కత్తిరించుకునే మొక్కల నర్సరీ ఆవిడ, అమ్ముడుపోని అలంకరణ గడ్డి కుండీలు కొన్ని తెచ్చిచ్చింది. షాపు ముందు బారెడు మట్టి జాగా ఉంది. నాన్న వాటిని అక్కడ నాటాడు. కొన్నాళ్లకే వాటిని మొక్కల్లా చూడ్డం మానేసి తలల్లా చూడ్డం మొదలెట్టాడు.

పంపాస్ గడ్డి మనిషిని మించిన ఎత్తు, పైన తెల్లటి కుచ్చులు. దాని ఆకు అంచు మా రేజరు కంటే పదును. దగ్గరికెళ్లాలంటే చేతికి తొడుగులు, ఒంటికి మందపాటి చొక్కా, ఇంట్లో వీలునామా ఉండాలి. నీళ్లు పోసినా పొయ్యకపోయినా దానికి పట్టింపు లేదు. జీబ్రా గడ్డికి ఆకుల మీద అడ్డంగా పసుపు చారలు. దానికి ఎండా కావాలి, నీళ్లూ కావాలి. నీడలో పెడితే చారలు వెలిసిపోయి, పెళ్లికి పిలవని పెద్దమనిషిలా ఓ పక్కకి వాలిపోతుంది. ఫౌంటెన్ గడ్డి కుచ్చులు వంగి నీళ్లు చిమ్ముతున్నట్టే ఉంటాయి. ఎండ ఒక్కటి చాలు దానికి. కాకపోతే ఎక్కడపడితే అక్కడ గింజలు రాల్చేస్తుంది. మందుల షాపు మెట్ల సందులో కూడా మొలిచింది. దాన్ని చూసి ఆ షాపువాడు, మీవాళ్లు వచ్చారు తీసుకెళ్లమని కబురు పెట్టాడు.

ఈ మూడూ చలికాలంలో ఎండిపోయి, చచ్చిపోయినట్టే నిలబడతాయి. చావవు. చలి తగ్గుతుండగా, కొత్త పిలక రాకముందే, నడుం దగ్గర తాడు బిగించి కట్టి, కింద జానెడు వదిలి కోసెయ్యాలి. నర్సరీ ఆవిడ నోట ఆ మాట విన్నరోజు నాన్న మొహం చూడాలి. కోస్తే మళ్లీ ఒత్తుగా వచ్చే తలలు. పైగా చెవుల్లేని తలలు.

నాలుగోది నీలిగడ్డి. చీలమండ ఎత్తున ముళ్లపంది పిల్ల ముడుచుకున్నట్టు ఉంటుంది, రంగు గ్యాస్ పొయ్యి మంటలాంటిది. దీని లెక్కంతా వేరు. చల్లగా ఉన్నప్పుడు హాయిగా పెరుగుతుంది, ఎండలొస్తే ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. వేరు దగ్గర నీళ్లు నిలిస్తే కుళ్లుతుంది. దీనికి మాత్రం కత్తెర పెట్టొద్దని, వేళ్లతో దువ్వితే ఎండిన పోచలు వాటంతటవే ఊడొస్తాయని ఆవిడ మరీమరీ చెప్పింది.

నాన్న దువ్వడం నేను చూశాను. నేను దువ్వితే పచ్చి పోచలు కూడా వచ్చేసేవి. నాన్న వేళ్లు అందులో పెడితే చాలు, ఆ వణుకుకి ఎండినవి మాత్రం జలజలా రాలేవి. పచ్చిది ఒక్కటీ కదిలేది కాదు. దేవుడు ఈ గడ్డిని చేసి, దానికి సరిపడా చెయ్యి కోసం ఇన్నాళ్లు వెతికినట్టుంది. నర్సరీ ఆవిడ రాలిన పోచల్ని గుప్పిట్లోకి తీసుకుని ఒక్కొక్కటే చూసింది. తర్వాత, మా దగ్గర వరసలకి వరసలు ఉంది, మా పనివాళ్లు పీకి పారేస్తున్నారు, వారంలో కొన్ని పొద్దులు వచ్చి దువ్విపెడతారా అని అడిగింది. జీతానికే.

నాన్న ఆలోచించి చెప్తానన్నాడు. అని లోపలికెళ్లి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. అమ్మ ఆ రోజు వంటింట్లో ఊరికే గిన్నెలు సర్దుతూ ఉండిపోయింది.

నర్సరీలో చేరాల్సిన ముందు రోజు కండక్టరు మావయ్య వచ్చాడు. నాన్న నీలిగడ్డి ముందు గొంతుక్కూర్చుని దువ్వుతున్నాడు. మావయ్యకి నోరు ఊరుకోదు కదా.

"ఏం బావా, కత్తెర పట్టిన చేత్తో దుమ్ము దులిపే పనికి కుదిరావంటగా?"

నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను. మావయ్య అందరికంటే ఎక్కువ నవ్వి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం నేనొకాయన మెడ మీద మిషను నడుపుతూ అద్దంలోంచి చూస్తే, నాన్న నీలిగడ్డి చుట్టూ కస్టమరు గుడ్డ కట్టి కత్తెర వేస్తున్నాడు. మిషను ఆపి బయటికి పరిగెత్తాను. అప్పటికే సగం అయిపోయింది.

"నాన్నా, దానికి కత్తెర పెట్టొద్దంది కదా ఆవిడ."

"పెంచడం ఆవిడకి తెలుసు చిట్టీ. క్రాఫు నాకు తెలుసు. కత్తిరిస్తే ఒత్తుగా వస్తుంది."

మా షాపులో ఉన్నది ఒకటే చట్టం. సగం క్రాఫుతో ఎవర్నీ కుర్చీలోంచి లేపకూడదు. మధ్యలో కరెంటు పోయినా, ఇల్లు కాలుతున్నా, వాళ్ల పెళ్లి ఆగిపోతున్నా సరే. అందుకని నేను పక్కన నిలబడి మిగతా సగం చూశాను. ఇంకో సంగతి కూడా ఉంది. నాన్న చెయ్యి వణకట్లేదు. ఎన్నాళ్ల తర్వాతో ఆ కత్తెర గడియారంలా టిక్కు టిక్కుమంటోంది. వెనక్కి జరిగి, తల వంచి, ఓ పోచ సరిచేసి, మళ్లీ వెనక్కి జరిగాడు. నేలకి రెండంగుళాలు వదిలి గుండ్రంగా, నున్నగా చేశాడు. అంత చక్కటి క్రాఫు నా జన్మలో చూళ్లేదు. లోపల సగం మెడతో కూర్చున్న కస్టమరు కూడా లేచొచ్చి మెచ్చుకున్నాడు.

ఆవిడకి అది చూపించాకే నర్సరీకి వెళ్తానన్నాడు నాన్న. ఒత్తుగా రానీ, దువ్వేవాడిగా కాదు, క్రాఫు చేసేవాడిగా వెళ్తానని.

ఎండలు ముదిరాయి. జానెడుకి కోసిన పంపాస్, జీబ్రా, ఫౌంటెన్ మూడూ పచ్చగా పిలకలేసి లేచాయి. నీలిగడ్డి రంగు తగ్గి బూడిదైంది, ఆ తర్వాత చీపురు పుల్లల రంగుకొచ్చింది. నాన్న పొద్దునా సాయంత్రం నీళ్లు పోశాడు. వద్దంటే, దానికి దాహంగా ఉందన్నాడు. గొడుగు పెట్టాడు. స్ప్రే సీసాతో, గెడ్డం గీసేముందు మొహం తడిపినట్టు తడిపాడు.

కబురు లేదేమిటని నర్సరీ ఆవిడే వచ్చింది. వంగి ఆ ఉండని మెల్లగా పట్టుకుంది. అది విగ్గులాగా మొత్తం చేతిలోకి వచ్చేసింది, కింద వేరు లేదు. ఆవిడ దాన్ని ఎక్కణ్నుంచి తీసిందో అక్కడే జాగ్రత్తగా పెట్టి, మట్టి సర్దింది. వరసలన్నీ ఈ ఎండలకి ఎలాగూ పడుకుని ఉన్నాయి, ఇప్పుడేం తొందర లేదు, చల్లబడ్డాక చూద్దామంది.

నాన్న అలాగేనమ్మా అన్నాడు. ఆవిడ వెళ్లాక చేతులు కడుక్కున్నాడు. సబ్బుతో, చాలాసేపు.

ఈ సంగతి కండక్టరు మావయ్యకి చేరింది. మర్నాడు వచ్చి బెంచీ మీద కూర్చోకుండా తిన్నగా నాన్న కుర్చీ ఎక్కాడు. కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చెవులూ అరచేతులతో మూసుకుని, కానివ్వు బావా అన్నాడు. నాకు నవ్వు రావాలి. రాలేదు.

నాన్న గుడ్డ కప్పాడు. మెడ వెనక ముడి వెయ్యడానికి చాలాసేపు పట్టింది. కత్తెర తీశాడు. అద్దంలో కత్తెర మొన మావయ్య తల చుట్టూ ఈగలా తిరుగుతోంది, ఎక్కడా వాలట్లేదు. మావయ్య కళ్లు తెరవలేదు. నాన్న కత్తెర బల్ల మీద పెట్టి, ముడి విప్పి, "లే బావా. అమ్మాయి దగ్గర కూర్చో" అన్నాడు.

"నీ నోట్లోంచి ఆ మాట రాకూడదురా" అన్నాడు మావయ్య, ఇంకా కళ్లు మూసుకునే.

నాన్న మూల నుంచి చీపురు తీసుకొచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. మావయ్య వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు, నేను కత్తెర వేస్తున్నాను. వెంట్రుకలు నేలకి తగిలాయో లేదో ఊడ్చేస్తున్నాడు. ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తున్నాడు. మావయ్యకి అసలే ఉన్నది కాస్త జుట్టు. కత్తిరించాల్సింది అయిపోయింది. ఊడ్చేందుకు ఇంకేం రాలట్లేదు, నాన్న చీపురు పట్టుకుని కిందకి చూస్తూ నిలబడ్డాడు.

నేను ఇంకాస్త కత్తిరించాను. మావయ్య అద్దంలో నా వైపు చూసి, తల ఇంకొంచెం వంచాడు.