చుక్క ఎక్కడ పెట్టాలి

"చుక్కలు పెట్టడానికి కూడా అలసిపోతారా ఎవరైనా?" అన్నాడు మొగుడు, సోఫాలో కాళ్ళు బారజాపుకుని. ఆమె అప్పుడు పొయ్యి మీద కూర కలుపుతూనే మలేరియా మాత్ర మింగుతోంది. "కూర్చుని చేసే పనేగా! ఇంటికొచ్చాక కాస్త నడుం వంచితే తిన్నది అరుగుతుంది" అని అత్తగారు అందుకుంది. కొడుకు తాన అంటే ఆవిడ తందాన అనకుండా ఏనాడూ ఊరుకోలేదు.

ఆమెది ఆరోగ్యశాఖలో ఉద్యోగం. ఊళ్ళో ఎవరికి మలేరియా వచ్చినా కంప్యూటర్లో మ్యాపు మీద వాళ్ళింటి దగ్గర ఎర్రచుక్క పెట్టాలి. చుక్కలు గుంపుగా కనిపించిన వీధులకు దోమల మందు బండి వెళ్తుంది. రెండుసార్లు వెళ్ళింది, జ్వరాలు మాత్రం తగ్గలేదు. ఎదురింటి దర్జీ పిల్ల ఏడు నెలల కడుపుతో ఉంది. జ్వరం తిరగబెట్టి ఆస్పత్రిలో పడింది పాపం.

ఒళ్ళు కాస్త కుదుటపడి ఆఫీసుకొచ్చాక, తన చుక్క తనే పెట్టబోతూ ఆగిపోయింది. మలేరియా దోమ కుట్టేది పొద్దుగూకాకే. ఆ వేళకి తను ఇంట్లో ఎక్కడ ఏడ్చింది కనక? వీధి చివర కుళాయి దగ్గర బిందె జరుపుకుంటూ నిలబడి ఉంటుంది. పక్కనే సగం కట్టి వదిలేసిన భవనం, దాని సెల్లారు నిండా తేటగా వాననీళ్ళు. బిందె మోసిన మగాణ్ణి ఆ వీధిలో ఒక్కణ్ణీ చూసిన పాపాన పోలేదు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. జ్వరమొచ్చిన ఆడవాళ్ళందరికీ వరసగా ఫోన్లు చేసింది. "ఇంకెక్కడుంటానమ్మా, ఆ కుళాయి దగ్గరే చస్తాను" అంది ఒకావిడ. మిగతావాళ్ళదీ దాదాపు అదే మాట.

చుక్కలు కుళాయి దగ్గర పెడతానని ఆఫీసరు దగ్గరికి వెళ్తే, "రూలు ప్రకారం ఇంటి అడ్రసే పెట్టాలి. అయినా చీకటి పడ్డాక ఆడవాళ్ళు ఇంట్లో కాక ఎక్కడుంటారమ్మా?" అని నవ్వాడు. రేపు పొద్దున్నే బండి మళ్ళీ పాత వీధులకే వెళ్తుందట. "మ్యాపు మార్చాక తేడా వస్తే పూచీ ఎవరిది?"

"నాదే సార్."

"నీ ఖర్మ. నా పేరు మాత్రం పెట్టకు."

చచ్చినా పెట్టను అనుకుంది. చుక్కలన్నీ ఒక్కొక్కటే ఇళ్ళ మీంచి తీసి కుళాయి దగ్గరికి చేర్చింది. అక్కడ మ్యాపు ఎర్రగా కమిలిపోయినట్టయింది. కింద తన పేరు రాసి, బండివాళ్ళ మేస్త్రీకి పంపించి, సెల్లారు ఎక్కడో ఫోన్లో విడమరిచి చెప్పింది. అప్పటికే బయట వీధిదీపాలు వెలిగాయి.

మొగుడు ఫోన్ చేశాడు. "చీకటి పడింది, ఎక్కడ తిరుగుతున్నావ్? ఈపాటికి ఇంట్లో ఉండక్కర్లా?"

"ఈ వేళకి నేను ఇంట్లో ఎప్పుడున్నానండీ? పెళ్ళయిన దగ్గర్నుంచీ కుళాయి దగ్గరే ఉన్నాను. ఇవాళ బిందె మీరు పట్టుకెళ్ళండి. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, అక్కడ దోమలు కుడతాయి."